పాపకి కరాటేనా, జూడోనా, టైక్వాండోనా?

పటమట అమ్మ:
మా పాపకి తొమ్మిదేళ్లు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కరాటే క్లాసు మొదలైంది, లిఫ్ట్ దిగితే చాలు. మా తమ్ముడేమో "కరాటే అంటే గాలిని గుద్దడమే, జూడోలో వెయ్యి" అంటున్నాడు. జూడోకి సత్యనారాయణపురం వెళ్లాలి, అంటే సాయంత్రం ఆరింటికి స్కూటీ మీద బెంజ్ సర్కిల్ దాటాలి. మా వారు టైక్వాండో అంటున్నారు, ఒలింపిక్స్‌లో ఉందని. తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక బాక్సర్:
మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్ అక్కా. నా ఫ్రెండ్ మూడేళ్లు కాటాలు, అంటే ఎదుట ఎవరూ లేకుండా వరసగా వేసే కదలికలు, చేసి బ్రౌన్ బెల్ట్ తెచ్చుకున్నాడు. కాలేజీలో ఒకడు కాలర్ పట్టుకుంటే బిగుసుకుపోయి నిలబడ్డాడు. దెబ్బ తినకుండా నేర్చుకుంటే అది డ్యాన్సే.

సెల్లార్ మాస్టారు:
నేను వేరే సెల్లార్‌లో కరాటే నేర్పుతాను కాబట్టి నా మాట కాస్త తగ్గించే వినండి. బిగుసుకుపోవడం కరాటే తప్పు కాదు, జతలు కట్టించి కుమితే, అంటే ఎదురెదురు పోరు, చేయించని మాస్టారి తప్పు. కాటాలో ప్రతి కదలికకీ ఒక వాడకం ఉంటుంది. దాన్ని ఎదుటి మనిషి మీద చేయించి చూపాలి. చూపనివాళ్లే ఎక్కువ, ఒప్పుకుంటాను.

బ్రాడీపేట పాత జూడో:
"కరాటే" అని బోర్డు ఉంటే సరిపోదండీ, ఏ కరాటే అని అడగండి. షోటోకాన్ అనే రకంలో మామూలుగా దెబ్బని ఒంటికి తగిలేలోపే ఆపాలి. క్యోకుషిన్ అనే రకంలో ఒంటి మీద నిజంగానే కొడతారు, కానీ ముఖం మీద పిడికిలితో గుద్దకూడదు. టైక్వాండో దాదాపు కాళ్ల ఆట. తలకి కాలు తగిలితే పాయింట్లు ఎక్కువ, ముఖం మీద గుద్దు పడితే ఫౌల్. అందుకే ఆ పిల్లలు చేతులు కిందికి వదిలేసి ఆడుతుంటారు. ఒలింపిక్స్ లెక్కంటారా, టైక్వాండోకి 2000 సిడ్నీ నుంచి పతకాలున్నాయి. కరాటే ఒక్క టోక్యోలో కనిపించి 2024 పారిస్‌లో లేకుండా పోయింది. జూడో 1964లోనే చేరింది.

జూడోలో గుద్దులూ తన్నులూ లేవు. 1882లో జపాన్‌లో జిగోరో కానో మొదలుపెట్టిన ఈ విద్యలో మొదటి పాఠం పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, చెయ్యి చాచి మ్యాట్‌ని ఫట్‌మని చరుస్తూ పడాలి. నెలల తరబడి అదే. విసుగొచ్చి మానేద్దామనుకున్నా. ఇరవై ఏళ్ల తర్వాత వానలో మా మెట్ల మీద జారితే చెయ్యి దానంతటదే చాచుకుంది. అరచెయ్యి రెండు రోజులు మండింది, తలకి మాత్రం దెబ్బ తగల్లేదు.

కాబట్టి ముందు నేల చూడండి. టైల్స్ మీద పడటం నేర్పలేరు.

లక్ష్మీపురం నాన్న:
నేల కంటే ముందు ఫీజు చూడండి. మా వాడి పాత క్లాసులో నెల ఫీజు తక్కువే. మూడు నెలలకోసారి బెల్ట్ టెస్ట్, దానికి వేరే డబ్బు, సర్టిఫికెట్‌కి ఇంకా వేరే. మా వాడు గ్రీన్ దాకా వచ్చేలోపు ఒక్కరూ ఫెయిలవ్వలేదు. జ్వరమొచ్చి టెస్టుకే రాని పిల్లాడికి కూడా బెల్ట్ ఇచ్చారు.

సెల్లార్ మాస్టారు:
జ్వరం సంగతికి నా దగ్గర జవాబు లేదండీ.

కృష్ణలంక బాక్సర్:
పాత జూడో అన్నా, ఎదుటివాడు గుద్దుతుంటే పడటం వస్తే సరిపోతుందా?

బ్రాడీపేట పాత జూడో:
తొమ్మిదేళ్ల పాప ఎవరితో గుద్దులాడుతుంది తమ్ముడూ? సైకిల్ మీంచి పడుతుంది.

కొరిటెపాడు:
ఇంతమందిలో ఒక్కరి నోటా కర్రసాము మాట రాలేదేంటో!

పటమట అమ్మ:
నిన్న సెల్లార్‌లో గోడ పక్కన కూర్చుని క్లాసంతా చూశాను. షోటోకాన్ అట. నేల గ్రానైట్, మ్యాట్ లేదు. కుమితే గ్రీన్ బెల్ట్ తర్వాతేనట. జూడో ట్రయల్ ఆదివారం పొద్దున అడిగాను, ఆ టైమ్‌కి బెంజ్ సర్కిల్ ఖాళీగానే ఉంటుంది. పాపకి మాత్రం కరాటేలో అందరూ కలిసి వేసే కేక తెగ నచ్చేసింది. పొద్దున్నుంచీ ఇంట్లో అదే. జూడోలో కేకలు ఉంటాయా అని అడుగుతోంది, ఏం చెప్పమంటారు?