పుట్టి, అంకణం, సవర: నెల్లూరు లెక్క నాకు ఎక్కడం లేదు

గోదారి అల్లుడు (ప్రశ్న):

మాది తాడేపల్లిగూడెం పక్కన పల్లె. అత్తగారిది కోవూరు మండలం. ఉద్యోగం శ్రీసిటీలో కావడంతో పెళ్లయ్యాక కాపురం ఇటే. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు ఎక్కువై ఈసారి వడ్లు అమ్మే పని నాకు అప్పజెప్పారు.

మా వైపు ధాన్యం అంటే 75 కిలోల బస్తా. బస్తా ఇంత అనుకుంటే బేరం అయిపోయినట్టే. ఇక్కడ పుట్టి. పుట్టి అంటే 850 కిలోలని ఊరంతా చెప్తోంది, పేపర్లోనూ అలాగే రాస్తారు. కళ్లంలోకి వచ్చిన దళారి మాత్రం "పుట్టి పదిహేడు వేలు, కాటా తొమ్మిది వందలు" అన్నాడు, అంటే ఒక పుట్టి ధరకి 900 కిలోలు తూచి ఇవ్వాలట. ఆ యాభై ఎందుకయ్యా అంటే తేమ, తాలు, మట్టి అని వేళ్లు మడిచాడు.

ఇది చాలదన్నట్టు మా ఆవిడ చూసిన ఇంటి స్థలం 33 అంకణాలట. గజాల్లో ఎంత అంటే ఒక్కొక్కరూ ఒక్కో మాట. బంగారం కొట్టుకెళ్తే సవర. మొదట్లో మాటకి ముందు ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసేవాణ్ణి.

"ఈ పుట్లెందుకు మామయ్యా, శుభ్రంగా క్వింటాళ్లలో మాట్లాడుకోవచ్చు గదా" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. "మీ దశాంశాలొచ్చి లెక్కలు చెడిపోయినాయి అబ్బయ్యా. మా నాయన కాగితం ముట్టకుండా చెప్పేవాడు" అని అటక మీంచి ఆ తాతగారి పద్దు పుస్తకం దింపించారు. అందులో అన్నీ 37-10-6 లాంటి అంకెలు. కొన్ని పేజీల తర్వాత ఆ గీతలు పోయి చుక్క వచ్చింది.

అడగాల్సినవి ఇవి: 900 కాటా న్యాయమేనా? ఆ 37-10-6 ఏమిటి? మామయ్యగారు అన్నట్టు పాత లెక్క నిజంగా తేలికా, లేక అందరు పెద్దవాళ్లూ అనే మాటేనా?

కందుకూరు లెక్కల మాస్టారు:

అల్లుడుగారూ, మీ మామగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం బాగా గట్టిది. ముందు అది చెప్తాను.

37-10-6 అంటే 37 రూపాయల 10 అణాల 6 పైలు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, మొత్తం 192. ఇప్పటి లెక్కలో 37 రూపాయల 66 పైసలనుకోండి. చుక్క వచ్చిన పేజీ తేదీ చూడండి, 1957 ఏప్రిల్ 1 తర్వాతిదే అయ్యుంటుంది. ఆ రోజే రూపాయికి వంద నయా పైసలయ్యాయి. 'నయా' అన్న మాటని 1964 జూన్‌లో తీసేశారు.

ఇప్పుడు మీ తాతగారు కాగితం ఎందుకు ముట్టలేదో చూద్దాం. గింజలు కొలిచే కుంచానికి 4 మానికలు, మానికకి 2 తవ్వలు, తవ్వకి 2 సోలలు, సోలకి 4 గిద్దలు. డబ్బు వైపు రూపాయికి 4 పావలాలు, పావలాకి 2 బేడలు, బేడకి 2 అణాలు, అణాకి 4 కానులు. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి. కుంచం బియ్యం రూపాయి అయితే మానిక పావలా, తవ్వ బేడ, సోల అణా, గిద్ద ఒక్క కాని. లెక్క వేసేదేముంది, పేర్లు మారుస్తూ పోవడమే. కుంచం రెండు రూపాయలైతే సోల రెండణాలు. బడి మొహం చూడని ముసలమ్మ కూడా అంగడాయన్ని నిలదీసేది ఈ ధైర్యంతోనే.

తూకంలోనూ ఇంతే. మన మద్రాసు వైపు మణుగుకి 8 వీశలు. రూపాయిలో ఎనిమిదో వంతు బేడ. కాబట్టి మణుగు ధర ఎన్ని రూపాయలో వీశ ధర అన్ని బేడలు. మణుగు బెల్లం అయిదు రూపాయలంటే వీశ అయిదు బేడలు, అంటే పదణాలు. నేను సర్వీసులో ఉన్నప్పుడు పదో తరగతి పిల్లలకి ఇది చెప్తే మంత్రం చెప్పినట్టు చూసేవాళ్లు.

1957లో డబ్బు మారింది, మానిక మారలేదు. కొలతల చట్టం 1956లోనే వచ్చినా కిలోలు 1958 అక్టోబర్ నుంచి దశలవారీగా దిగాయి. ఆ మధ్యకాలంలో సోల ధర అణా కాదు, ఆరుంపావు పైసలు. పావు పైసని ఎక్కడ తెస్తారు? సర్కారు పట్టికలో అణాకి 6 నయా పైసలని వేశారు. పావలా మాత్రం సరిగ్గా 25. అంటే పావలా బిళ్ల మార్చుకున్నవాడికి నష్టం లేదు, విడిగా ఒక్కో అణా మార్చుకున్నవాడికి రూపాయి దగ్గర 96 పైసలే చేతికొస్తాయి. మీ మామగారి నాన్నగారి కోపం అక్కడ పుట్టి ఉంటుంది. నాకు ఆయన మీద సానుభూతి ఉంది.

ఇక మీ మామగారు చెప్పని సగం. ఈ సొగసంతా ఒక సంతలో, ఒకే కుంచం వాడే జనం మధ్యే. మన మణుగు సుమారు 11.2 కిలోలు. ఉత్తరాది మణుగు 37.3 కిలోలు. సేరు అంటే మన తూకంలో 24 తులాలు, అక్కడ 80 తులాలు. పేరొకటే, బరువు మూడింతలు. మా పాత ప్రకాశం జిల్లా సంగతే చూడండి. 1970లో నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపులు, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపులు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తెచ్చి ఒక జిల్లా చేశారు. కిలోలు అప్పటికే వచ్చేశాయి కాబట్టి బతికిపోయాం. లేకపోతే ప్రతి సంతలో కుంచం పట్టుకుని కొట్టుకునేవాళ్లం.

అందుకే పాతది మంచిదా, కొత్తది మంచిదా అన్న పేచీలోకి నేను దిగను. వరస మొత్తం ఉంటే ఏదైనా మంచిదే. పుట్టి కింద ఇప్పుడు తూము లేదు, కుంచం లేదు, సోల లేదు. మెట్లన్నీ ఊడదీసి పైమెట్టు ఒక్కటే ఉంచిన నిచ్చెన అది. పుట్టికి 20 తూములు కాబట్టి 850 కిలోల లెక్కన తూము 42న్నర కిలోలు కావాలి. ఆ తూము ఎవరింట్లో ఉంది చూసుకోవడానికి? కింద చూసుకునేది ఏమీ లేదు కాబట్టే దళారి 900 అనగలిగాడు.

బుచ్చి రైతు:

మాస్టారు చరిత్ర చెప్పారు, నేను కాటా సంగతి చెప్తా. పుట్టి పదిహేడు వేలు, 850 కిలోలు అంటే కిలో 20 రూపాయలు. అదే పదిహేడు వేలకి 900 ఇస్తే కిలో 18 రూపాయల 89 పైసలు. పది పుట్లు అమ్మితే మీరు అర టన్ను ఊరకే ఇచ్చినట్టు. వాడు ధర తగ్గించలేదన్నా, పుట్టిని పెంచాడు. ధర తగ్గిస్తే మనం గొడవ చేస్తాం, పుట్టి పెంచితే తల గోక్కుంటాం. వాళ్లకి తెలుసు.

2024-25లో 'ఏ' గ్రేడు వడ్లకి సర్కారు మద్దతు ధర క్వింటాలుకి 2,320. పుట్టికి 19,720 పడింది. ఏ ఏడాదైనా ఇట్లాగే క్వింటా ధరని ఎనిమిదిన్నరతో గుణించుకుని దళారి దగ్గరికి పోండి. చీటీలో 'పుట్లు' అని రాస్తే ఒప్పుకోవద్దు. మొత్తం కిలోలెన్ని, కిలో ఎంత, అంతే రాయించండి. నోటితో పుట్టి అనుకుంటే అనుకోనీండి, మేమూ అంటాం.

ఖతుల కుర్రాడు:

చిన్న పక్కదారి, మన్నించండి. మాస్టారు చెప్పిన నాలుగో వంతుల లెక్క మన ఫోన్లలో కూడా ఉంది. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో తెలుగు భిన్నాల అంకెలు చేర్చారు. అన్నీ పావు, పావులో పావు, అందులో పావు అన్న వరసే. బేసి మెట్టుకి నిలువు గీతలు, సరి మెట్టుకి అడ్డగీతలు. వాటి పక్కనే తూముకి ఒక గుర్తు కూడా ఉంది: ౿. డబ్బా కనబడితే మీ ఫోన్లో దానికి ఖతి (ఫాంట్) లేదని అర్థం. తాతగారి పుస్తకంలో 1957కి ముందు పేజీల్లో ఇలాంటి గీతలుంటే ఫొటో పెట్టగలరా?

దస్తావేజు పని చేసేవాణ్ణి:

అంకణం మాట ఎవరూ ఎత్తలేదు. వడ్లలో పోయేది వేలు, ఇక్కడ పోయేది లక్షలు. నెల్లూరులో అంకణం అంటే మామూలుగా 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు 36 చదరపు అడుగులే. మీ 33 అంకణాలు ఒక లెక్కన 264 గజాలు, ఇంకో లెక్కన 132. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు కాబట్టి సెంటుకి ఆరు అంకణాల పైచిలుకు రావాలి. పన్నెండు వస్తున్నాయంటే అది చిన్న అంకణం. అడ్వాన్సు ఇచ్చే ముందే అగ్రిమెంట్లో చదరపు గజాలు, నాలుగు వైపుల కొలతలు రాయించండి. సవరతో టెన్షన్ లేదు, 8 గ్రాములకి స్థిరపడింది. తులం జాగ్రత్త: అసలు తులం 11.66 గ్రాములు, ఇప్పుడు చాలామంది 10 గ్రాములకే ఆ పేరు వాడుతున్నారు.

గోదారి అల్లుడు:

అందరికీ థాంక్స్. మణుగు, వీశ, బేడల సూత్రం మామయ్యగారికి చదివి వినిపించాను. "ఎవరో తెలిసినాయనే" అన్నారు, మాస్టారికి ఇంతకు మించిన మెచ్చుకోలు మా ఇంట్లో దొరకదు. పుస్తకం ఫొటోలు ఆదివారం పెడతాను, అడ్డగీతలు చాలానే ఉన్నాయి. దళారి దగ్గర కిలోల మాట ఎత్తితే "మా మీద నమ్మకం లేదా సార్" అన్నాడు. ఉంది, చీటీలో రాయండి అన్నాను. 870 దగ్గరికి దిగాడు. ఒప్పుకోమంటారా?

బుచ్చి రైతు:

ఆ ఇరవై ఎందుకంట? తేమ పేరు చెప్తే మీ ముందే మీటర్ పెట్టి చూపించమనండి. సర్కారు కొనుగోలులోనే 17 శాతం దాకా తీసుకుంటారు. అంతకన్నా ఎక్కువుంటే రెండు రోజులు పట్టల మీద ఆరబోసి మళ్లీ పిలవండి. తక్కువుంటే 850, దాని మీద గోతాం బరువు, అంతే. లారీ ఎక్కిన తర్వాత బేరం ఆడొద్దు.