బీసీబీఏ (సర్టిఫైడ్ బిహేవియర్ అనలిస్ట్) మాస్టర్స్‌కి ఫండింగ్ దొరుకుతుందా?

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాం. హెచ్4 ఈఏడీ (డిపెండెంట్ వీసా వాళ్లకిచ్చే వర్క్ పర్మిట్) మీద స్కూల్లో ఆర్బీటీగా, అంటే బిహేవియర్ టెక్నీషియన్‌గా చేస్తున్నా. ఒక బాబు బెల్ మోగితే చాలు చెవులు మూసుకుని బల్ల కింద దూరేవాడు, బెల్ బొమ్మ కార్డు ముందే చూపించడం మొదలుపెట్టాక ఇప్పుడు తనే హెడ్‌ఫోన్స్ తీసి పెట్టుకుంటున్నాడు. అది చూశాకే బీసీబీఏ చేయాలనిపించింది, ఫీజు చూస్తే గుండె గుభేల్‌మంది. ట్యూషన్ కట్టి స్టైపెండ్ ఇచ్చే గ్రాంట్లు ఉన్నాయట కదా, ఎవరైనా తీసుకున్నారా?

జవాబు 1: నేను తీసుకున్నానండీ. ఫెడరల్ విద్యాశాఖ డబ్బు యూనివర్సిటీకి ఇస్తుంది, మనం అక్కడే అప్లై చేయాలి. ఊరికే రాదు. ఒక ఏడాది సాయానికి రెండేళ్ల చొప్పున ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేయాలి, లేదంటే వెనక్కి కట్టాలి. పైగా మామూలుగా సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్లకే. హెచ్4 మీద కష్టం.

జవాబు 2: యూనివర్సిటీలో పనిచేస్తూ చదువుకునే అసిస్టెంట్‌షిప్ అడగండి అక్కా, ఈఏడీ ఉంది కదా. ఇంకోటి, బీసీబీఏకి కావాల్సిన ఫీల్డ్‌వర్క్ 2,000 గంటల్లో పిల్లాడితో నేరుగా కూర్చున్నవి 40 శాతం మించి లెక్కేయరు, మిగతాది అసెస్‌మెంట్లు, ప్లాన్లు రాయడం, టీచర్లకి నేర్పించడం. అవి మీ స్కూల్లో చేయనిస్తారో లేదో ముందే కనుక్కోండి, నేను అడక్క ఇరుక్కున్నా.

ప్రశ్న అడిగినవారు: పోనీ హైదరాబాద్ వచ్చేసి చేస్తే?

జవాబు 2: వద్దు. 2023 నుంచి ఇండియాలో ఉంటూ బీసీబీఏకి అప్లై చేయడం కుదరదు.