మోక్తెసూమా డ్యూక్ బిరుదు: రాజవంశపు వారసత్వమా, విజేత చేసుకున్న ఏర్పాటా?

పాతదస్త్రం:
ఇంగ్లీషు పుస్తకాల వల్ల మనకు మాంటెజూమాగా తెలిసిన ఆస్టెక్ చక్రవర్తి రెండో మోక్తెసూమా 1520లో, స్పెయిన్ సైనికుల చెరలో ఉండగా, తన రాజధాని తెనోచ్‌తిత్లాన్‌లోనే (నేటి మెక్సికో నగరం) మరణించాడు. ఆయన పేరుతో స్పెయిన్‌లో ఈనాటికీ ఒక డ్యూక్ బిరుదు నడుస్తోంది. మెక్సికోలోని తూలా ప్రాంతపు రాజకుమార్తె వల్ల ఆయనకు కలిగిన కొడుకు క్రైస్తవం పుచ్చుకుని పెద్రో అయ్యాడు. పెద్రో కొడుకు దియేగో లూయిస్ స్పెయిన్ చేరి అక్కడి కుటుంబంలో పెళ్లి చేసుకున్నాడు. అతని కొడుకు పెద్రో తెసిఫోన్‌కు స్పెయిన్ రాజు నాలుగో ఫెలిపె 1627లో మోక్తెసూమా కౌంట్ బిరుదు ఇచ్చాడు. 1865లో రెండో ఇసబెల్ రాణి దానిని డ్యూక్ స్థాయికి పెంచింది. ఇందులో మెక్సికో సింహాసనపు వారసత్వం ఏమీ లేదని నా వాదన. తాము కూలదోసిన రాజు మునిమనవడిని తమ కొలువులోనే ఒక పీట వేసి కూర్చోబెడితే, ఆ వంశం పేరుతో ఇంకెవరూ మరోచోట తల ఎత్తరు.

గోదారిగట్టు:
పాతదస్త్రం గారూ, మీరు బిరుదును మాత్రమే చూసి, దాని వెనుక ఉన్న ఆస్తిని వదిలేశారు. పెద్రోకు తల్లి వైపు ప్రాంతమైన తూలాలో భూములు, గ్రామాల కప్పం మీద హక్కు ఉండేవి. అవి మన పంపకం లేని జమీందారీల మాదిరిగా పెద్దకొడుక్కే దక్కే ఆస్తిగా సాగాయి. 1821లో స్వాతంత్ర్యం పొందిన మెక్సికో, అయిదేళ్లకే కులీన బిరుదులను రద్దు చేసినా, ఈ వంశీకులకు ఇచ్చే వార్షిక సొమ్మును మాత్రం ఎత్తివేయలేదు. దానిని ఆపింది 1934లో, అధ్యక్షుడు అబెలార్దో రోద్రిగెస్ హయాంలో. బిరుదును గుర్తించని ప్రభుత్వమే వందేళ్లకు పైగా ఆ సొమ్మును తన ఖాతాల్లో ఉంచిందంటే, అది దయతో ఇచ్చిన భత్యం కాదు, బాకీగా ఒప్పుకున్నది. మన దేశంలో 1971లో 26వ సవరణతో రాజభరణాలను తీసివేసినప్పుడు కూడా, విలీన సమయంలో ఇచ్చిన మాట ఏమైందని అడిగినవారు ఉన్నారు కదా.

ధర్మసందేహం:
బాకీ సరే, ఎవరి సొమ్ముతో తీరే బాకీ? తూలా గ్రామాలవారు కట్టిన కప్పం సముద్రం దాటి, గ్రనాడా దగ్గరి గ్వాదిష్ పట్టణంలో కాపురం ఉన్న కౌంట్ ఇంటికి చేరేది. ఆ రైతులూ మోక్తెసూమా ప్రజలే. రాజభరణాలతో పోలిక కూడా అంత అతకదు, ఎందుకంటే మన సంస్థానాధీశులు ఒప్పందం మీద సంతకం చేసి తమ రాజ్యాలను అప్పగించారు. మోక్తెసూమాకు ఆ అవకాశమే రాలేదు.

నల్లరేగడి:
వారసత్వం అన్న మాట దగ్గరే అసలు చిక్కు ఉందని నాకు అనిపిస్తుంది. మెషికా ప్రజల్లో, అంటే మనం ఆస్టెక్‌లు అనేవారిలో, రాజ్యం తండ్రి నుంచి పెద్దకొడుక్కి నేరుగా రాదు. రాజకుటుంబంలోని తగినవాణ్ణి పెద్దలు ఎంచుకుంటారు. 1502లో మోక్తెసూమా గద్దెనెక్కింది తన పినతండ్రి అవిత్సోతల్ తరువాత. ఆయన పోయాక రాజైనవాడు తమ్ముడు క్విత్లావాక్, ఆ పైన బంధువు క్వావ్‌తెమోక్. పెద్రో ఆ వరుసలో ఎక్కడా లేడు. స్పెయిన్ లెక్క ప్రకారం చూసినా ఆయన స్థానం నిర్వివాదం కాదు: క్వావ్‌తెమోక్ భార్యగా ఉండి, తరువాత క్రైస్తవం పుచ్చుకుని ఇసబెల్ అయిన మోక్తెసూమా కుమార్తె మాత్రమే సక్రమ వారసురాలని, ఆమె స్పానిష్ భర్త హువాన్ కానో గట్టిగా వాదించాడు. మెక్సికోను జయించిన స్పెయిన్ సేనాని కోర్తెస్ ఆమెకు 1526లో తాకుబా గ్రామాల కప్పం రాసిచ్చాడు, కానీ మోక్తెసూమా పేరుతో కౌంట్ బిరుదు ఆమె సంతతికి రాలేదు.

గోదారిగట్టు:
నల్లరేగడి గారు చెప్పిన వరుస సరైనదే, ఒప్పుకుంటున్నాను. అయితే బిరుదుకు అర్థం ఇచ్చినవాడి ఉద్దేశంతోనే ఆగిపోతుందా? 1692 జూన్‌లో మెక్సికో నగరంలో తిండిగింజల కరువు వల్ల చెలరేగిన అల్లర్లలో రాజప్రతినిధి భవనాన్ని తగలబెట్టారు. ఆ భవనం నిలిచింది మోక్తెసూమా నివాసం ఉన్న నేల మీదే. నాలుగేళ్ల తరువాత అక్కడికి రాజప్రతినిధిగా వచ్చినవాడి బిరుదు ఏమిటో చూడండి: మోక్తెసూమా కౌంట్. ఆ పేరు విన్న నగరవాసులకు అది ఉత్త కాగితపు బిరుదుగా తోచి ఉంటుందని నేను నమ్మలేను.

పాతదస్త్రం:
మీరు చూపిన ఉదాహరణ బాగుంది, కాని అది నా వైపే మొగ్గుతుంది. ఆ రాజప్రతినిధి హోసె సార్మియెంతో దె వల్యదారెస్‌లో మోక్తెసూమా రక్తం లేదు; ఆ వంశంలో బిరుదు దక్కిన మూడో మోక్తెసూమా కౌంటెస్‌ను పెళ్లాడటం వల్ల ఆ పేరు తగిలించుకున్నాడు, అతను నగరానికి వచ్చేసరికి ఆమె బతికి కూడా లేదు. అల్లుడికి సైతం అమరే పేరుగా అది మారిపోయిందన్నమాట.

ధర్మసందేహం గారు లేవనెత్తిన కప్పం సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. బిరుదు గురించి రాసే వారిలో చాలామంది లాగే నేనూ దానిని దాటేశాను. 1934 గురించి ఒక్క మాట చేరుస్తాను. మెక్సికో సొమ్ము ఆపిన నాటికి స్పెయిన్‌లోనూ ఆ బిరుదుకు చట్టపరమైన గుర్తింపు లేదు, ఎందుకంటే 1931లో ఏర్పడిన గణతంత్రం కులీన బిరుదులన్నింటినీ తోసిపుచ్చింది. అవి చట్టప్రకారం తిరిగి వచ్చింది 1948లో, నియంత ఫ్రాంకో పాలనలో. సొమ్ము తిరిగి రాలేదు.

నల్లరేగడి:
1992లో బిరుదు పేరును ‘మోక్తెసూమా దె తుల్‌తెంగో’గా మార్చారు. తుల్‌తెంగో తూలా పక్కనే ఉన్న ఊరు. ధర్మసందేహం గారు అడిగిన రైతులు అటువంటి ఊళ్లవారే.