జడ్పీ హైస్కూలుకు మూడు చోట్ల మూడు స్థాపన సంవత్సరాలు: ఏది పట్టుకోవాలి?

ప్రశ్న
కోస్తా జిల్లాలో ఒక చిన్న టౌన్ జడ్పీ హైస్కూలు. ఆర్చి మీద ఒక సంవత్సరం, పాత బిల్డింగు శిలాఫలకం మీద ఇంకొకటి, యూడైస్‌లో (స్కూళ్ల వివరాల ప్రభుత్వ డేటాబేస్) మూడోది. ఊళ్లో ఇప్పటికీ ‘బోర్డు స్కూలు’ అనే అంటారు. నూరేళ్ల పండగ ఏ ఏడాది చెయ్యాలో కమిటీకి తేలడం లేదు. పాత రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయిగానీ అంచులు రాలిపోతున్నాయి.

జవాబు 1
మూడూ నిజమే కావచ్చండీ. ఒకటి ఎలిమెంటరీ స్కూలు పెట్టిన ఏడాది, ఒకటి హైస్కూలు అయిన ఏడాది, ఒకటి బిల్డింగు ఏడాది. యూడైస్‌ది మాత్రం ఎవరో ఫారం నింపుతూ రాసింది, దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

ముందు శిలాఫలకం మీద పేరు చూడండి. ‘తాలూకా బోర్డు’ (అప్పట్లో స్కూళ్లు నడిపిన స్థానిక సంస్థ) అని ఉంటే అది 1934కి ముందుది, ఆ ఏడాదే మద్రాసు ప్రెసిడెన్సీలో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. ఆ తర్వాత 1959 దాకా జిల్లా బోర్డే, అక్కణ్ణుంచి జిల్లా పరిషత్తు. శంకుస్థాపనా, ప్రారంభోత్సవమా అన్నదీ చదవండి. రెంటికీ మధ్య ఏళ్లు గడిచిపోవచ్చు.

జవాబు 2
అసలు కీలకం అడ్మిషన్ రిజిస్టర్లో తరగతి గడి. ఫస్టు ఫారం అంటే ఇప్పటి ఆరో తరగతి, ఫోర్తు ఫారం అంటే తొమ్మిది, సిక్స్తు ఫారం అంటే పదకొండు. ఫోర్తు ఫారం మొదటిసారి కనిపించిన ఏడాదే మీ స్కూలు హైస్కూలైన ఏడాది అనుకోవచ్చు. దాన్ని అప్పటి లాగ్ బుక్కులో ఇన్‌స్పెక్టరు రాసినదానితో సరిచూడండి.

అడ్మిషన్ నంబరు 1 చూసి మురిసిపోకండి. స్థాయి పెరిగినప్పుడు కొత్త రిజిస్టరు తెరిచి మళ్లీ 1 నుంచి మొదలుపెట్టి ఉండొచ్చు. పాతది చిరిగితే ఎవరో కూర్చుని కొత్తదాంట్లోకి ఎక్కించి ఉండొచ్చు కూడా. పదేళ్ల నమోదులు ఒకే చేతిరాత, ఒకే సిరా, ఒకే వాలు అయితే అది నకలే. రిజిస్టరు పుట అడుగున అది అచ్చయిన సంవత్సరం ఉంటే పైన రాసిన తేదీతో పోల్చండి. కాగితం ఆ తేదీ తర్వాత అచ్చయినదైతే అది నకలే, ఇక వాదనే లేదు.

జవాబు 3
రాలిపోతున్న పుటలకు సెల్లో టేపు వెయ్యొద్దు, లామినేషన్ అసలే వద్దు. టేపు జిగురు పసుపు పచ్చగా కాగితంలోకి ఇంకి అక్షరాల్ని మింగేస్తుంది, తర్వాత ఊడదీయబోతే పై పొర లేచి వస్తుంది. రిజిస్టరు బల్లమీద పెట్టి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోను పుటకు సమాంతరంగా పట్టుకుని తియ్యండి. మొదటి ఫొటో అట్ట, చివరిది ఆఖరి పుట. ఖాళీ పుటలూ వదలొద్దు, లేకపోతే మధ్యలో పుట చిరిగిందో, మీరే తియ్యలేదో తర్వాత చెప్పలేరు. ఎండలో మాత్రం ఆరబెట్టకండి.

కులం, పుట్టిన తేదీ ఉంటాయి కాబట్టి హెచ్‌ఎం గారి రాతపూర్వక అనుమతి తీసుకోండి. పుటల ఫొటోలు గ్రూపుల్లో పెట్టకండి.

జవాబు 4
బయటి ఆధారం కావాలంటే జిల్లా గెజిటీర్‌లో (బ్రిటిష్ కాలంలో జిల్లా వివరాలతో వచ్చిన ప్రభుత్వ గ్రంథం) విద్య అధ్యాయం చూడండి. గోదావరికి హెమింగ్వే రాసినది, విశాఖకు ఫ్రాన్సిస్ రాసినది, రెండూ 1907లో వచ్చాయి. అంతకు ముందే పెద్ద స్కూలైతే వాటిలో పేరు ఉండొచ్చు, లేనంత మాత్రాన స్కూలు లేదని కాదు. బోర్డుల కాలపు ఉత్తర్వులకు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో వెతకాలి.

తెలంగాణ వైపు స్కూలైతే వేరే తలనొప్పి, పాత రికార్డుల్లో తేదీలు ఫసలీలో (అప్పటి సర్కారు వాడిన వేరే సంవత్సర లెక్క) ఉంటాయి. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే నిజాం కాలపు ఫసలీకి ఆజూర్, దై, బహమన్ నెలలైతే 590 కలపాలి, ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591. బహమన్ చివరి రోజులు జనవరిలో పడతాయి, అక్కడ ఒక ఏడాది తేడా వస్తుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. హైస్కూలు, ఎలిమెంటరీ తేదీలు రెండూ తేలితే ఏది పెట్టాలి?

జవాబు 2
పండగ హైస్కూలుదైతే ఫోర్తు ఫారం ఏడాదే. ఆర్చి మీద రెండూ చెక్కించండి, ఏది దేనిదో రాసి.