ఎల్డర్, ఓల్డర్, సీనియర్: మన ‘పెద్ద’ ఒక్కటే, వాళ్లకు మూడు

మొన్న మా అక్క కూతురు ఇంటర్వ్యూ కోసం తన గురించి నాలుగు వాక్యాలు రాసుకుని నాకు చూపించింది. అందులో ‘మై బ్రదర్ ఈజ్ ఎల్డర్ దేన్ మీ’ అని ఉంది. తప్పు అన్నాను. “ఎల్డర్ బ్రదర్ అంటాం కదా పిన్నీ, మరి ఎల్డర్ దేన్ ఎందుకు అనకూడదు?” అంది. చాలామందికి ఉండే సందేహమే కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ఎల్డర్ పాత రూపం. పాత ఇంగ్లీషులో పోలిక చెప్పేటప్పుడు కొన్ని మాటల్లో లోపలి అచ్చు మారేది. ఆ మార్పు నిలిచిపోయిన మాట ఇది. తర్వాతి కాలంలో ఓల్డ్‌కే నేరుగా ‘అర్’ చేర్చి ఓల్డర్ చేసుకున్నారు, పోలికలన్నీ దాని చేతికి పోయాయి. ఎల్డర్‌కు ముఖ్యంగా కుటుంబం మిగిలింది: ఎల్డర్ సిస్టర్, ఎల్డర్ సన్. ఊరి పెద్దల్ని కూడా ఎల్డర్స్ అంటారు. కానీ పక్కన దేన్ పెట్టి పోల్చాలంటే ఓల్డరే కావాలి. ఇల్లు, చెట్టు, బండి లాంటివాటికి ఎల్డర్ అసలు వాడరు.

సీనియర్ దారి వేరు. అది లాటిన్ మాట. సెనెక్స్ అంటే ముసలివాడు, సీనియర్ అంటే అంతకంటే వయసు మీరినవాడు. పోలిక మాటలోనే ఉంది కాబట్టి ఇంగ్లీషులో దాని పక్కన దేన్ రాదు, టు వస్తుంది. జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ కూడా అంతే. మనం ‘ఆయన నాకంటే సీనియర్’ అంటాం. తెలుగులో అది చక్కటి వాక్యం. ఆ ‘కంటే’ను ఇంగ్లీషులోకి కూడా తీసుకెళ్లడంతోనే ‘సీనియర్ దేన్’ పుడుతోందని నా నమ్మకం.

పుట్టుక వయసులోనే అయినా, ఉద్యోగాల్లో సీనియర్ అంటే వయసు కాదు, వరుస. సుప్రీంకోర్టులో అందరికంటే సీనియర్ జడ్జి ప్రధాన న్యాయమూర్తి కావడం ఆనవాయితీ. అక్కడ లెక్క పుట్టిన తేదీది కాదు, ఆ కోర్టులో జడ్జిగా చేరిన వరుసది. 1973లో ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేసినప్పుడు ముగ్గురు సీనియర్లను దాటేశారని పెద్ద దుమారం రేగింది, ఆ ముగ్గురూ రాజీనామా చేశారు.

మనకు వీటన్నిటికీ ‘పెద్ద’ సరిపోతుంది. పెద్దబ్బాయి అంటే పుట్టుక, పెద్దాయన అంటే వయసు, మర్యాద. ఆస్పత్రిలో ‘పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కి వస్తున్నారు’ అంటే హోదా. సందర్భమే తేడా చెప్పేస్తుంది. కానీ తోడబుట్టినవాళ్ల దగ్గరకొస్తే మనమే ఎక్కువ పట్టింపుగా ఉంటాం. వాడుకలో అక్క, చెల్లి అని విడదీయకుండా మాటే రాదు. ఇంగ్లీషు కథను తెలుగు చేసేవాళ్లకు ‘హర్ సిస్టర్’ అని కనబడితే టెన్షనే. అక్కో చెల్లో తేల్చుకోవడానికి ఒక్కోసారి కథంతా వెతకాలి, ఎక్కడా ఆధారం దొరక్కపోతే మనమే ఒక వయసు ఇచ్చేయాలి. ఆ పిల్లకు అన్యాయం చేస్తున్నామేమో అనిపిస్తుంది నాకు.

ఈ మాటలన్నీ చెప్పాక మా అమ్మాయి వాళ్లన్న గురించిన వాక్యాన్ని దిద్దుకుంది, కింద తన ఆఫీసు గురించి ఇంకొకటి రాసింది: ‘మై టీమ్ లీడ్ ఈజ్ సీనియర్ టు మీ, బట్ షి ఈజ్ యంగర్ దేన్ మీ.’