ఫౌండ్‌కి మళ్లీ ‘ఎడ్’ ఎందుకు?

పర్లాకిమిడి డీటీపీ:
మాది చిన్న డీటీపీ షాపు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు, ఏది కావాలంటే అది కొడతాం. ఇప్పుడొక యువజన సంఘం లైబ్రరీకి శిలాఫలకం మేటర్ వచ్చింది. నేను ‘ఫౌండెడ్ ఇన్’ అని కొట్టాను. సంఘం పెద్దాయన ఒప్పుకోవట్లేదు. “ఫైండ్‌కి పాస్ట్ టెన్స్ ఫౌండ్. అయిపోయినదానికి మళ్లీ ఎడ్ తగిలిస్తావేంటయ్యా? చెక్కేవాడు అక్షరానికింత అని లెక్కేస్తాడు” అంటున్నారు. ఫౌండెడ్ కరెక్టని నాకు తెలుసు, ఎందుకో చెప్పడమే రావట్లేదు. టెక్కలి రాయి మీద చెక్కాక బ్యాక్‌స్పేస్ ఉండదు. కాస్త చెప్పండి.

గుణుపురం కుర్రాడు:
‘ఎస్టాబ్లిష్డ్’ని కుదించి ‘ఈఎస్‌టీడీ’ అని నాలుగక్షరాలు పెట్టేయ్ అన్నా. డబ్బులూ మిగులుతాయి, టెన్షనూ ఉండదు.

బరంపురం మాస్టారు (రిటైర్డ్):
అది స్వీట్ షాపు బోర్డుకి బాగుంటుంది గానీ లైబ్రరీ గోడకి వద్దు నాయనా.

డీటీపీ బాబూ, మీ పెద్దాయన గ్రామర్ సరైనదే, పట్టుకున్న క్రియ వేరు. ఫైండ్ అంటే దొరకడం, కనుక్కోవడం. దాని భూతకాలం ఫౌండ్, అక్కడితో సరి. స్థాపించడానికి ఇంగ్లీషులో ఇంకో క్రియ ఉంది. అది మొదటినుంచీ ఫౌండే. ‘టు ఫౌండ్ ఎ స్కూల్’ అంటే బడి పెట్టడం. దీని భూతకాలం ఫౌండెడ్. లాటిన్ ‘ఫుండారే’, అంటే పునాది వేయడం, ఫ్రెంచి మీదుగా ఇలా వచ్చింది. ఫౌండేషన్ కూడా ఆ ఇంటిదే. ఇలా బయటినుంచి వచ్చిన క్రియలు చాలావరకు బుద్ధిగా ఎడ్ పెట్టుకుంటాయి. లోపలి అచ్చు మార్చే అల్లరంతా ఇంగ్లీషు పాతకాపులది: బైండ్-బౌండ్, గ్రైండ్-గ్రౌండ్, ఫైండ్-ఫౌండ్.

మీ ఊరి గజపతి కాలేజీనే తీసుకోండి. ‘వాజ్ ఫౌండెడ్ ఇన్ 1896’ అంటే ఆ ఏడాది స్థాపించారని. ‘వాజ్ ఫౌండ్’ అని చెక్కారో, కాలేజీ అంతకుముందెక్కడో తప్పిపోయి 1896లో దొరికిందని అర్థం! పేపర్లో ‘అన్‌ఫౌండెడ్ రూమర్’ అని రాస్తారు చూడండి, పునాది లేని పుకారని. దొరకని పుకారు కాదు. మన దగ్గర పుకారు దొరక్కపోవడం ఎప్పుడైనా ఉందా?

రాయగడ దస్తావేజు:
మాస్టారూ, పాత ఇంగ్లీషు దస్తావేజుల్లో ‘బౌండెడ్ ఆన్ ద నార్త్ బై’ అని ఉంటుంది. అదీ ఇలాంటిదేనా? మా జూనియర్ దాన్ని ‘ఉత్తరాన కట్టివేయబడిన భూమి’ అని తెలుగు చేశాడు.

బరంపురం మాస్టారు (రిటైర్డ్):
అచ్చంగా ఇదే. బైండ్‌కి బౌండ్, కుట్టి అట్ట వేసిన రిజిస్టర్ బౌండ్ వాల్యూమ్. హద్దు అనే బౌండ్ వేరు, అదీ ఫ్రెంచి సరుకే, దానికి బౌండెడ్. ఉత్తరాన ఫలానావారి పొలం హద్దు, అంతే. పాపం ఆ భూమిని విప్పేయమనండి.

పర్లాకిమిడి డీటీపీ:
మాస్టారూ, కాలేజీ ముక్క పెద్దాయనకి ఫోన్లో చదివి వినిపించాను. పడీపడీ నవ్వి ఒప్పుకున్నారు. ఇప్పుడు కొత్త పేచీ: ‘ఫౌండర్స్’ కింద ఆయన పేరు మొదట ఉండాలట. సెక్రటరీ గారు ససేమిరా అంటున్నారు. దీనికి గ్రామర్ పనిచేయదు గనుక, రేపు ఇద్దర్నీ షాపుకి రమ్మన్నాను.