అసలు కంటే వడ్డీ ముద్దు: ఇందులో 'అసలు' సంగతేమిటి?

మొన్న ఆదివారం విజయవాడ పటమట నుంచి మా అమ్మాయి, మనవరాలు గుంటూరు వచ్చారు. నాలుగేళ్ల పిల్ల. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 31 ఏళ్లు గుమాస్తాగా లెక్కలు రాశాను. గుర్తుగా దాచుకున్న పాత ఖాతా పుస్తకం ఒకటి నా బల్ల మీద ఉంటుంది. పిల్ల దాన్ని లాగి, రంగు పెన్సిళ్లతో పేజీ నిండా ఏనుగును గీసింది. తొండం జమ వైపు, తోక ఖర్చు వైపు. నేను మురిసిపోతూ చూస్తున్నాను. గుమ్మంలో నిలబడి మా అమ్మాయి, "నేను ఆ పుస్తకం ముట్టుకుంటే వీపు విమానం మోత మోగేది కదా నాన్నా" అంది. వంటింట్లోంచి మా ఆవిడ, "అసలు కంటే వడ్డీ ముద్దని ఊరికే అన్నారా" అంది. అమ్మాయి నవ్వింది. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ సామెతను మన గ్రూపులో పెడుతున్నాను.

ముందు మాటలు చూద్దాం. 'అసలు' అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. అక్కడ దానికి చెట్టు వేరు, మూలం అని అర్థం. 'వడ్డీ' సంస్కృతంలోని 'వృద్ధి', ప్రాకృతం మీదుగా మారిన రూపం. అంటే పెరగడం. 'ముద్దు' మన సొంత మాట. హిందీవాళ్లు కూడా 'మూల్ సే జ్యాదా సూద్ ప్యారా' అంటారు. మూల్ అన్నా చెట్టు వేరే. ఇక అసలుకు మన పాత తెలుగు మాట 'మొదలు'. చెట్టుకూ మొదలే, అప్పుకూ మొదలే. 'మొదటికే మోసం వచ్చింది' అంటాం చూడండి, అక్కడ పోయింది ఆ మొదలే. మూడు భాషలూ అప్పిచ్చిన సొమ్మును చెట్టుగానే చూశాయి. నాకు ఇది ఎంతో నచ్చింది.

అందరూ చెప్పే అర్థం ఏమిటంటే, అసలు ఎలాగూ మన సొమ్మే, వడ్డీ పైన వచ్చేది కాబట్టి దాని మీద ఆశ ఎక్కువని. లెక్కలు రాసినవాడిగా నాకు ఇది చాలదనిపిస్తుంది. మా వైపు వడ్డీని శాతాల్లో చెప్పం. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24. బారువడ్డీ లెక్కన 50 నెలలకు వడ్డీ అసలంత అవుతుంది. ఆ 50 నెలలూ అప్పిచ్చినవాడు దేన్ని చూసుకుని నిమ్మళంగా పడుకుంటాడు? నెలనెలా చేతికొచ్చే ఆ రెండు రూపాయలను చూసుకుని. వడ్డీ వస్తోందంటే, కంటికి కనపడని చోట అసలు క్షేమంగా ఉన్నట్టు. నా మనవరాలు ఒళ్లో కూర్చుని కబుర్లు చెబుతుంటే నాకు అందే కబురు కూడా అదే. నా కూతురు బాగుంది, బిడ్డను నవ్వుతూ పెంచగలుగుతోంది.

అసలు మీద ముద్దు కనపడనిది ప్రేమ తక్కువై కాదు, టెన్షన్ ఎక్కువై. జనవరి నుంచి మే దాకా మాకు సీజన్. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తేలేసరికి రాత్రయ్యేది. బట్టల నిండా మిరప ఘాటు. అలాగే ఎత్తుకుంటే అప్పట్లో చిన్నపిల్లగా ఉన్న మా అమ్మాయి దగ్గేది, కళ్లు మండి ఏడ్చేది. స్నానం చేసి వచ్చేసరికి నిద్రపోయేది. మంచం పక్కన కాసేపు నిలబడి వెళ్లిపోయేవాణ్ని. ఆ సంగతి దానికి తెలియదు.

మీ ఇళ్లలో ఈ సామెతను ఏ అర్థంలో వాడతారో రాయండి.

సత్యనారాయణపురం నుంచి ఒక సభ్యురాలు:
బాబాయ్ గారూ, నేను అసలు వైపు నుంచి మాట్లాడతాను. మా అమ్మ నా కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని గంటసేపు అన్నం తినిపిస్తుంది. నా చిన్నప్పుడు పది నిమిషాల్లో తినకపోతే కంచం తీసేసేది. మొదట్లో నాకు చాలా కష్టంగా ఉండేది. ఈ మధ్య ఒకటి గమనించాను. వాడికి ముద్ద కలిపేటప్పుడు మాట తడబడి వాణ్ని నా పేరుతో పిలుస్తుంది. ఒకసారి కాదు, చాలాసార్లు. అప్పటి నుంచి నేనేమీ అనడం లేదు. ఆ టైములో పక్కన వచ్చి కూర్చుంటున్నాను.

తెనాలి నుంచి ఒకరు:
మా నాయనమ్మ మునిమనవణ్ని 'చక్రవడ్డీ' అని పిలిచేది. వడ్డీ మీద వడ్డీ కదా! ఇంకో మాట. సంస్కృతంలో కొడుకు కొడుకు పౌత్రుడు, కూతురి కొడుకు దౌహిత్రుడు. తెలుగులో ఇద్దరూ మనవలే. పిల్లలు మాత్రం అమ్మమ్మ, నాయనమ్మ అని వేరుగా పిలుస్తారు.

ఇంకొకరు:
'మొదలు కంటే వడ్డీ ముద్దు' అని ఎవరైనా విన్నారా? ఉంటే, 'అసలు' అనే మాట తెలుగులోకి రాకముందు నుంచే ఈ సామెత ఉందేమో అనుకోవచ్చు.

గుంటూరు నుంచి, మొదట రాసినవాణ్ని:
మా వైపు 'మొదలు'తో నేను వినలేదండీ. రైతులు, వ్యాపారులు అందరూ 'అసలు' అనే అనేవారు. పల్నాడు, ప్రకాశం వైపు పెద్దలను అడిగి చూడండి. చక్రవడ్డీ మాట మా ఆవిడకు చెప్పాను, అంతదాకా బతకాలి కదా అంది.

సత్యనారాయణపురం అమ్మా, నీ మాట రెండుసార్లు చదివాను. చదివి మా అమ్మాయికి ఫోన్ చేశాను. మిరప ఘాటు సంగతి, మంచం పక్కన నిలబడే సంగతి చెప్పాను. 30 ఏళ్లుగా చెప్పనిది చెప్పడానికి గొంతు సహకరించలేదు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఆదివారం మళ్లీ వస్తాం నాన్నా. ఆ పుస్తకం అటకెక్కించకు, నేనూ ఓ పేజీలో బొమ్మ గీసుకుంటాను" అంది.

పుస్తకం బల్ల మీదే ఉంది. పెన్సిళ్లు చెక్కి పక్కన పెట్టాను.